బస్తాలు లెక్కపెడితే అడవి సంగతి తెలుస్తుందా?

బీడీలు చుట్టే తునికాకు కల్లంలో కట్టకు 70 ఆకులు ఉన్నాయో లేదో విప్పి మరీ చూస్తారు. ఒకటి తగ్గినా కట్టను పక్కన పడేస్తారు. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ, అహేరి వైపు ఇంత పక్కాగా లెక్కలు చూసేవాళ్లను, అదే అడవిలో కాసే మొర్రి చెట్లు, అంటే సారపప్పు ఇచ్చే చెట్లు, ఎన్ని మిగిలాయని అడిగితే మాత్రం నోరు లేవదు.

మొర్రి కాయ నల్లబడి పండేది ఏప్రిల్, మే నెలల్లో. ముందు తెంపినవాడిదే కాయ అన్నట్టు తయారైంది కాబట్టి పచ్చికాయకే కొమ్మలు నరికేస్తున్నారు. లోపల సారపలుకు గట్టిపడదు, తూకం రాదు, నేలలో పడి మొలిచే గింజా మిగలదు. ఇప్పపువ్వు కనబడాలని చెట్టు కింద ఆకు తగలబెడితే పిల్లమొక్కలన్నీ మాడిపోతాయి. పుట్టగొడుగుల గోలా ఇదే. చెదలు పుట్టలో పెంచుకునే బూజు తోట నుంచే అవి లేస్తాయి, పైపైన తెంపుకుంటే మళ్లీ వానలకు వస్తాయి, ఆశకు పోయి గడ్డపారతో పుట్టే తవ్వేస్తే అక్కడితో సరి.

తరతరాలుగా అడవిని కాచినోళ్లకు లెక్కలు నేర్పుతారా అని కోప్పడేవాళ్లున్నారు. కోపంలో న్యాయముంది. కానీ తాతల కాలంలో సంతకు వ్యాన్ వచ్చి పచ్చికాయ కొనలేదు కదా!

అసలు చిక్కు, ఎన్ని బస్తాల సరుకు వచ్చిందన్న దాన్నిబట్టే అడవి బాగోగులు చూడటంతోనే. పెద్దచెట్లు నిలబడ్డంతకాలం బస్తాలు తగ్గవు, కింద ఒక్క పిల్లమొక్క లేదన్న ముచ్చట బస్తా చెప్పదు, అది తెలిసేనాటికి చేతులు కాలి ఉంటాయి. ఊరికి నాలుగు చోట్లు గుర్తు పెట్టుకుని, ఏటా అక్కడ కాసే చెట్లెన్ని, నరికిన కొమ్మలెన్ని, మోకాలెత్తు మొక్కలెన్ని అని నోట్‌బుక్కులో రాసుకోవడం పదో తరగతి చదివిన పిల్ల చేసే పని. 2006 అటవీ హక్కుల చట్టానికి 2012లో చేసిన నిబంధనల సవరణ, సామూహిక అడవిని కాపాడే ప్రణాళిక రాసే పనిని గ్రామసభ కమిటీకే అప్పగించింది. ఈ గడ్చిరోలి జిల్లాలోనే మెండా లేఖ అనే ఊరు 2009లో తన అడవి మీద సామూహిక హక్కు సాధించి, 2011లో తన వెదురు తానే అమ్ముకుంది. అంటే ఈ లెక్క సాగనిది ఊళ్లకు చేతకాక కాదు. ఆ నోట్‌బుక్కుకూ, రాసే మనిషి కూలికీ పైసా ఇచ్చేవాడు లేక.

అటవీ శాఖ చెక్‌పోస్టు దగ్గర గంప ఎత్తుకొచ్చే ఆడమనిషిని ఆపి దించమంటారే, పచ్చికాయ కొన్న వ్యాన్ మీకు కనబడదా? అయ్యా రేంజ్ ఆఫీసు పెద్దలూ, తూకం రసీదులు కాసేపు పక్కన పెట్టి ఒక్క మొర్రి చెట్టు కిందికి వెళ్లి వంగి చూడండి, మొక్క ఉందో లేదో.