కనబడ్డ ప్రతివాణ్ణీ ‘బావా’ అనే యాంటీబాడీ

డ్రై ఐస్ పొగలు కక్కుతూ, అల్లుడిలా విమానంలో దిగింది మా యాంటీబాడీ, అంటే ఒక్క ప్రోటీన్‌నే వెతికి పట్టుకోవాల్సిన అణువు. థర్మకోల్ పెట్టెలో కాగితాల కింద తవ్వితే చిటికెన వేలంత సీసా, అందులో 100 మైక్రోలీటర్లు. రెండు కన్నీటి చుక్కలంత అన్నమాట. మిగతా కన్నీళ్లు మేం కలిపాం.

దాని పని ఒక్కటే. హెచ్‌ఎంజీ-కోఏ రిడక్టేజ్ అనే ఎంజైమ్‌ని గుర్తుపట్టడం. మన కణాల్లో కొలెస్ట్రాల్ తయారీకి పెద్ద మేస్త్రీ అదే. నాన్నగారు రాత్రి వేసుకునే అటోర్వాస్టాటిన్ బిళ్ల అడ్డుపడేది దాని పనికే. 888 అమైనో ఆమ్లాలు, బరువు 97 కిలోడాల్టన్ల చిల్లర. కొలెస్ట్రాల్ ఎక్కువైతే కణమే దాన్ని చకచకా ముక్కలు చేస్తుంది కాబట్టి, ముందు కణాలను పస్తు పెట్టాలి. పెట్టాం.

కణాల్లోని ప్రోటీన్లను బరువు ప్రకారం విడదీసి, యాంటీబాడీ పట్టుకున్నచోట నల్లటి గీత (బ్యాండ్) పడేలా చేసే పరీక్షే బ్లాట్. అది తీస్తే 97 దగ్గర ఏమీ లేదు. 60 దగ్గర మాత్రం గారె అంత నల్లటి బ్యాండ్.

కంపెనీవారికి రాశాం. యాంటీబాడీ కనబడ్డచోటల్లా అంటుకోకుండా వాడే పాలపొడి మానేసి బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని ప్రోటీన్) వాడమన్నారు. వాడాం, గారె మాడింది. శాంపిల్ మరిగించారా, ఇది పొరలో ఉండే ప్రోటీన్, మరిగిస్తే ముద్దకడుతుంది అన్నారు. నిజమే. కానీ 95 డిగ్రీలు, 5 నిమిషాలు అని మీ డేటాషీటే చెప్పింది కదండీ! మరిగించకుండా చేశాం. అదే గారె. అయితే అది ఎంజైమ్ తెగిన ముక్కేనన్నారు. అలా తెగడం ఉన్నదే, కాబట్టి వారం రోజులు నమ్మాం.

అప్పుడు అసలు ఆ జన్యువే తీసేసిన కణాలు తెచ్చి, ఆ ఎంజైమ్ తయారుచేసే మెవలొనేట్‌ని మేమే పోసి బతికించి చూశాం. గారె చెక్కుచెదరలేదు! మనిషి ఊళ్లోనే లేడు, వీడు మాత్రం ఆయన భుజమ్మీద చెయ్యేసి ఫోటో దిగాడు. పెళ్లిలో కనబడ్డ ప్రతివాణ్ణీ ‘బావా!’ అని కావలించుకునే చుట్టానికి పెళ్లికొడుకును వెతికే పని అప్పగించామన్నమాట.

ఆ బ్లాట్ ఫోటో కంపెనీకి పంపితే జవాబు వచ్చింది: ‘మా దగ్గర మరో యాంటీబాడీ ఉంది, మీకు డిస్కౌంట్ ఇస్తాం.’

నవ్వొచ్చేది ఇంతవరకే. 2023లో వచ్చిన ఒక అధ్యయనంలో 65 ప్రోటీన్లకు అమ్ముతున్న 614 యాంటీబాడీలను ఇలాగే జన్యువు తీసేసిన (నాకౌట్) కణాలతో పరీక్షించారు. తమ ప్రోటీన్‌నే పట్టలేని యాంటీబాడీల డేటా, సగటున ఒక్కో ప్రోటీన్‌కు 12 పేపర్లలో దర్జాగా అచ్చయి ఉంది. అవి చదివి ఎవరో మందు వెతుకుతారు. మా ల్యాబ్‌లో ఈ గారెకు బలైన అమ్మాయికి ఫెలోషిప్ 5 ఏళ్లే. అందులో 8 నెలలు పోయాయి. ‘నీ చెయ్యే సరిగ్గా లేదేమో’ అని ఆ పిల్లను అందరి ముందూ అన్నది నేనే. సిగ్గు లేకుండా అన్నాను. సీసా మీద ‘పరీక్షించబడినది’ అని ముద్ర వేసినవాడికి మాత్రం ఒక్క ప్రశ్న లేదు. ఎవరితో పరీక్షించావురా? ఏ కణాల్లో? బ్లాట్‌లో ఆ నాకౌట్ కణాల వరుస (లేన్) ఏదీ?

నిన్న వేరే కంపెనీ డేటాషీట్ తెరిచాను. ధర ఎక్కువ, పేరు వేరు. బ్లాట్ ఫోటో మాత్రం పాతదే. 60 దగ్గర గారె కనబడకుండా అంచు కత్తిరించారు.