అడవి గారికి బదిలీ ఉత్తర్వు

గ్రేట్ నికోబార్ దీవిలో ప్రభుత్వ ప్రాజెక్టు కోసం 130 చదరపు కిలోమీటర్ల అడవి పోతుంది. దానికి బదులు హరియాణాలో మొక్కలు పెంచుతారట! ఈ ముక్క చదివినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. రేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, కొత్త పట్టణం, 72,000 కోట్లని మొదట చెప్పిన ఖర్చు... వాటి సంగతి నిపుణులు తేల్చుకుంటారు. నాకు హరియాణా చాలు.

అయినా ఇందులో తప్పేముంది? గుమాస్తాను బదిలీ చేయగా లేనిది అడవిని చేయకూడదా? ఉత్తర్వు అందగానే పార్లమెంటులో చెప్పిన లెక్క ప్రకారం 9.64 లక్షల చెట్లు చార్జి అప్పగించి, గడువులోగా రెండు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి ఉత్తరాదిలో చేరాలి. ఏటా మూడు వేల మిల్లీమీటర్ల వానకు అలవాటుపడిన మాను అక్కడ ఐదారు వందలతో సర్దుకోవాలి. కొబ్బరికాయలు ఒలుచుకు తినే పెద్ద పీత, అక్కడ కొబ్బరి దొరుకుతుందా అని నసిగితే, "ఉద్యోగమా, తిండా?" అని హెడ్ గుమాస్తా గద్దిస్తాడు. మట్టిదిబ్బలో గుడ్లు పొదిగించే మెగాపోడ్ పక్షి, దిబ్బను మోసుకెళ్లడానికి సామాను భత్యం అడుగుతుంది. నిబంధనల్లో దిబ్బకు పద్దు లేదు. 16,150 పగడపు కాలనీలకు మాత్రం సముద్రంలోనే మరో చోటికి బదిలీ దొరికింది. పైరవీ ఎవరు చేశారో!

తాబేళ్లది ఇంకో తంటా. లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెట్టే గలాథియా తీరానికి 2021 జనవరిలో అభయారణ్యం హోదా తీసేశారు. నెల తిరక్కుండా వెలువడిన సముద్ర తాబేళ్ల జాతీయ కార్యాచరణ ప్రణాళికలో అదే తీరాన్ని ముఖ్యమైన స్థావరమని రాశారు. ఏ కాగితం నమ్మాలో పాపం తాబేలే తేల్చుకోవాలి.

2004 భూకంపానికి ఈ దీవి కొసన ఉన్న ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగి, దీపస్తంభం నీళ్లలో నిలబడింది. అక్కడికే లక్షల మందిని కాపురానికి రమ్మంటున్నారు. భూకంపాన్ని కూడా హరియాణాకే వేస్తారు కాబోలు.

ఆ భూకంపం వెంట వచ్చిన సునామీయే ఇక్కడి గిరిజనులైన నికోబారీలను సొంత ఊళ్లకు దూరం చేసింది. పునరావాస కాలనీల్లో దించిన ప్రభుత్వం, మా ఊళ్లకు పోతామని వాళ్లు మొత్తుకుంటే చెవిన పెట్టలేదు. 2022 ఆగస్టులో మాత్రం ప్రాజెక్టుకు భూమి తీసుకోవడానికి వాళ్ల గిరిజన మండలి సంతకం అవసరమైంది, తీసుకున్నారు. ఆ భూమిలో తమ పాత ఊళ్లు కూడా కలిసి ఉన్నాయని తెలిసి మండలి నవంబరులో అంగీకారాన్ని వెనక్కి తీసుకుంటూ ఉత్తరం రాసింది. అదే నవంబరులో పర్యావరణ అనుమతి వచ్చేసింది! సిగ్గనిపించలేదా? ఇక ఈ దీవి అడవుల్లో బతికే ఆదివాసీలు షోంపెన్లు. ఉన్నదే కొన్ని వందల మంది. మన జలుబు సోకినా తట్టుకోలేని మనుషుల పక్కన ఊరికి ఊరే కట్టి, దానికి సమగ్ర అభివృద్ధి అని పేరు పెడతారా? వాళ్లను అడిగిందెవరు? ఏ భాషలో అడిగారు? వద్దంటే వినడానికి ఎవరున్నారు?

మండలి రాసిన ఉత్తరానికి జవాబేదీ? ముందు అది బయటపెట్టండి. రేవు నమూనా బొమ్మలు తర్వాత చూస్తాం.