ఫిల్ముకు ముందే కబురు, పాలకు లేదు

అమెరికా తొలి అణుబాంబును 1945 జులై 16న న్యూమెక్సికో ఎడారిలో పేల్చింది. కొన్నాళ్లకు కొడాక్ కంపెనీకి ఫిర్యాదులు మొదలయ్యాయి. కొత్త ఎక్స్‌రే ఫిల్ము మీద మచ్చలు పడుతున్నాయని. కంపెనీ శాస్త్రవేత్త జూలియన్ వెబ్ ఆరా తీస్తే, దోషం ఫిల్ముది కాదు, ప్యాకింగులో వాడిన అట్టదని తేలింది. అది ఇండియానాలో వబాష్ నది నీళ్లతో తయారైంది. బాంబు పేలుడులో పుట్టిన రేడియోధార్మిక ధూళి వందల మైళ్లు గాలిలో వచ్చి, వానతో నదిలో కలిసి, అట్టలోకి చేరింది.

1951 జనవరిలో నెవాడాలో అణుబాంబు పరీక్షలు మొదలయ్యాయి. దేశానికి ఆ చివర, కొడాక్ సొంతూరు రోచెస్టర్‌లో మంచు కురిస్తే కొడాక్ వాళ్ల గైగర్ కౌంటర్లు, అంటే రేడియేషన్‌ను పసిగట్టే మీటర్లు, గోల పెట్టాయి. కంపెనీ కోర్టుకెళతానంది. బాంబు పరీక్షలు జరిపే ప్రభుత్వ సంస్థ అణుశక్తి కమిషన్ దిగొచ్చి, ధూళి ఎటు వెళ్లొచ్చో ముందే చెబుతామని ఒప్పుకుంది. మరి పాల రైతులకు? వాళ్లకెవరూ చెప్పలేదు.

కొలతలు లేక కాదు. కమిషన్ కోసం దేశమంతా స్టాండ్ల మీద అడుగు చదరం జిగురు ఫిల్ములు పరిచేవారు. ఒక రోజంతా ధూళి పట్టనిచ్చి, న్యూయార్క్ ల్యాబ్‌కు పోస్టులో పంపేవారు. అక్కడ వాటిని కాల్చి బూడిద చేసి, అందులోని బీటా రేడియేషన్‌ను లెక్కించేవారు. పద్ధతి తెలివైనదే. కానీ అది చెప్పేది నేల మీద ఎంత పడిందనే. అసలు ప్రమాదం ధూళితో పాటు గడ్డి మీద పడిన అయోడిన్-131 అనే రేడియోధార్మిక అయోడిన్‌ది. ఆవు ఎకరాల కొద్దీ మేస్తుంది, అయోడిన్ పాలలోకి దిగుతుంది, ఆ పాలు తాగిన పిల్లల థైరాయిడ్‌లో పోగుపడుతుంది. పసివాళ్లకు ఆ గ్రంథి చిన్నది, తాగే పాలు ఎక్కువ. కాబట్టి పెద్దవాళ్ల కంటే వాళ్లకే దెబ్బ ఎక్కువ.

ఈ అయోడిన్ సగం జీవితకాలం, అంటే ఉన్నదాంట్లో సగం తరిగిపోవడానికి పట్టే సమయం, 8 రోజులే. 80 రోజులకు వెయ్యో వంతు మిగులుతుంది. అంటే ఆ పాలను పొడి చేసి రెండు మూడు నెలలు నిల్వ ఉంచినా, ఆవులకు ముందే కోసిన ఎండుగడ్డి వేసినా గండం చాలావరకు గడిచేది. ఇంత తేలికైన జాగ్రత్తను జనానికి చెప్పకపోవడానికి రహస్యం సాకు కాదు. ఫిల్ము కంపెనీకి చెప్పగలిగిన సంగతి పాడి రైతుకు చెబితే దేశ భద్రతకు వచ్చే ముప్పేమిటి? బాంబు పేల్చేవాడి చేతికే మీటరూ ఇస్తే అంతే, కంచే చేను మేసిన చందం.

అయోడిన్ అంత వేగంగా తరిగిపోవడమే సాక్ష్యాన్నీ చెరిపేసింది. అప్పుడు కొలవని అయోడిన్‌ను తర్వాత కొలవలేం, లెక్కగట్టాలంతే. 1983లో అమెరికా కాంగ్రెస్ ఆదేశిస్తే, జాతీయ క్యాన్సర్ సంస్థ ఆ పాత జిగురు ఫిల్ముల అంకెలే తవ్వి తీసి 1997లో నివేదిక ఇచ్చింది. దేశంలో సగటున ఒక్కొక్కరి థైరాయిడ్‌కు 2 రాడ్లు (రాడ్ అంటే ఒంటికి పట్టిన రేడియేషన్‌కు కొలమానం). ఈ సగటు చూసి నిశ్చింతగా ఉండమంటే నేనొప్పుకోను. అందులో పాలు ముట్టని పెద్దాయనా ఉన్నాడు, పెరట్లో మేక పాలు తాగిన పిల్లా ఉంది. మేక పాలలో అయోడిన్ ఇంకా చిక్కగా చేరుతుంది.

పరిహారం గీతలూ ఇలాగే గీశారు. రేడియేషన్ బాధితులకు పరిహారమిచ్చే 1990 చట్టం, ధూళి బారిన పడ్డ ఊళ్ల వరకు చూస్తే, నెవాడా, యూటా, అరిజోనాల్లోని కొన్ని కౌంటీల (మన జిల్లాల్లాంటివి) ప్రజలకే వర్తించింది. తీరా 1997 నివేదిక చూస్తే, అయోడిన్ మోతాదు అత్యధికంగా ఉన్న కౌంటీలు మోంటానా, ఐడాహోల్లో ఉన్నాయి. ఐడాహోకు ఆ చట్టంలో 2025లో గానీ చోటు దక్కలేదు.