ఫోన్లో లైవ్ వస్తోంది సరే, రికార్డ్ అవుతోందా? డీవీఆర్ ఫార్వర్డ్‌కు జవాబు

నెల్లూరు, ఒంగోలు వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో సీసీ కెమెరాల మీద ఒక పొడవాటి మెసేజ్ తిరుగుతోంది. రాసిన మనిషి పేరు లేదు గానీ, ధీమా మాత్రం బోలెడు. అందులో చెప్పేది క్లుప్తంగా ఇదీ: 1 టీబీ డిస్క్ వేస్తే నాలుగు కెమెరాలకు నెల రోజుల రికార్డింగ్ వస్తుంది. డీవీఆర్‌కి (కెమెరాల బొమ్మలు రికార్డ్ చేసే బాక్సుకి) ప్రత్యేకమైన హార్డ్ డిస్క్ అనేది షాపువాళ్ల మోసం, పాత కంప్యూటర్లోది వేసుకున్నా చాలు. ఫోన్లో లైవ్ కనపడుతున్నంత కాలం డీవీఆర్ జోలికి వెళ్లక్కర్లేదు. 5 మెగాపిక్సెల్ కెమెరా పెడితే మొహాలు అద్దంలా కనిపిస్తాయి. పాస్‌వర్డ్ మార్చొద్దు, మర్చిపోతే బాక్సు పనికిరాదు. దొంగతనం జరిగితే వెంటనే డీవీఆర్ ఆపేసి డిస్క్ పీకి దాచాలి.

కెమెరాల పని చేసుకునే బతుకుతున్నాను కాబట్టి, నేనేం చెప్పినా "అమ్ముకోవడానికే చెప్తున్నాడు" అంటారని తెలుసు. అందుకే లెక్క చూపిస్తాను. ఫోన్లో కాలిక్యులేటర్ తీసి మీరే సరిచూసుకోండి.

ముందు ఆ 1 టీబీ సంగతి. ఒక కెమెరా సెకనుకు 1 మెగాబిట్ చొప్పున ఆపకుండా రికార్డ్ చేస్తే రోజుకు 10.8 జీబీ అవుతుంది. రోజుకు 86,400 సెకన్లు, 8 బిట్లు ఒక బైటు, అంతే లెక్క. ఏ కంపెనీ బాక్సు అయినా ఇది మారదు. ఇప్పుడు ఎక్కువగా వాడే 2 మెగాపిక్సెల్ కెమెరాను హెచ్.265లో (వీడియోను కుదించే కొత్త పద్ధతి) పెడితే సుమారు 2 మెగాబిట్లు తీసుకుంటుంది. అంటే కెమెరాకు 21.6 జీబీ, నాలుగింటికి 86.4 జీబీ. 1 టీబీని, అంటే 1000 జీబీని, దీంతో భాగించండి, పదకొండు రోజులు దాటి కాస్త. పాత హెచ్.264 బాక్సులో 4 మెగాబిట్లకు పెట్టి ఉంటే ఆరు రోజులు కూడా నిండవు.

మరి నెల రోజులు వస్తోందని చెప్పేవాళ్లంతా అబద్ధాలాడుతున్నారా అంటే, కాదు. రోజంతా తాళం వేసి ఉండే ఇంట్లో, కదలిక ఉన్నప్పుడే రికార్డ్ అయ్యేలా పెట్టుకుంటే 1 టీబీతో నెల దాటొచ్చు. ఆ ఇంటి అనుభవాన్ని తెచ్చి చిన్నబజారు దుకాణానికి అంటగడితేనే చిక్కు. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు జనం కదులుతూనే ఉండే చోట "కదలిక ఉన్నప్పుడే" అంటే ఎప్పుడూ అనే అర్థం. రాత్రి జనం ఉండరు కదా అనుకుంటే, కెమెరా ముందు సాలెపురుగు గూడు కడుతుంది. ఇన్ఫ్రారెడ్ వెలుగుకు పురుగులు మూగుతాయి, గూడు గాలికి ఊగుతుంది, డీవీఆర్ దాన్నీ కదలికే అనుకుంటుంది. పైగా చీకట్లో బొమ్మ చుక్కలు చుక్కలుగా ఉంటుంది కాబట్టి, బిట్‌రేటుకు, అంటే సెకనుకు ఎన్ని మెగాబిట్లు అన్నదానికి, పరిమితి పెట్టకపోతే రాత్రి రికార్డింగే ఎక్కువ చోటు తినేస్తుంది.

నెల రోజులు ఎందుకు కావాలంటే, ఒకటి చట్టం. ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత చర్యల అమలు చట్టం 2013లో వచ్చింది. జనం పెద్దసంఖ్యలో వచ్చే సంస్థలు కెమెరాలు పెట్టాలి, ఫుటేజీని 30 రోజులు ఉంచాలి అని అందులో ఉంది. రెండోది, చాలా దొంగతనాలు జరిగిన రోజు బయటపడవు. బంగారం కొట్లో ఉంగరం పోయిందని తెలిసేది నెలాఖరు స్టాక్ సరిచూసినప్పుడు. అప్పటికి పోయి ఇరవై రోజులైతే, పదకొండు రోజుల రికార్డింగ్ ఏం చేసుకుంటాం? ఎనిమిది కెమెరాలకు 30 రోజులు కావాలంటే పై లెక్క ప్రకారమే 5.2 టీబీ కావాలి, కాబట్టి 6 టీబీ డిస్క్ వేయాలి. అన్నట్టు, కొన్ని చిన్న బాక్సులు 6 టీబీకి మించి తీసుకోవు. ఎంతవరకు తీసుకుంటుందో కొనకముందే అడగండి, తర్వాత అడిగితే ఇంకో బాక్సు కొనడమే.

ఇక "ఏ డిస్క్ అయినా ఒకటే" అన్న మాట. అదే ఎనిమిది కెమెరాల లెక్క తీసుకుందాం. రోజుకు సుమారు 173 జీబీ, ఏడాదికి 63 టీబీ డిస్క్ మీద రాయాలి. కంప్యూటర్లలో బాగా వాడే సీగేట్ బార్రకుడాకు కంపెనీ చెప్పుకునే పరిమితి ఏడాదికి 55 టీబీ. కెమెరాల కోసమే చేసే డబ్ల్యూడీ పర్పుల్‌కి, సీగేట్ స్కైహాక్‌కి 180 టీబీ. ఈ అంకెలు నావి కాదు, ఆ కంపెనీలు తమ కాగితాల మీద వేసుకున్నవి. అంకెలకు మించిన తేడా ఇంకోటి ఉంది. డిస్క్ మీద ఒకచోట చెడితే కంప్యూటర్ డిస్క్ అక్కడే ఆగి, ఆ ముక్కను ఎలాగైనా చదవాలని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మీ టాలీ ఫైలుకైతే అదే మంచిది. ఈలోగా ఎనిమిది కెమెరాల బొమ్మలు వచ్చి పడుతుంటే మాత్రం మధ్యలో సెకన్లు గల్లంతవుతాయి. పర్పుల్ లాంటివి ఆ ముక్కను వదిలేసి ముందుకు పోతాయి.

ఇంట్లో రెండు కెమెరాలుంటే మామూలు కొత్త డిస్క్ వేసుకోండి, నేనేం అడ్డుచెప్పను. పాత కంప్యూటర్లోంచి పీకింది మాత్రం వద్దు. ఇంకో మాట. వాడేసిన డిస్కుల మీద కొత్త స్టిక్కరు అతికించి అమ్మేవాళ్లున్నారు. సీరియల్ నంబరు కంపెనీ వెబ్‌సైట్లో కొట్టి, వారంటీ ఎప్పటిదాకా ఉందో కౌంటర్ దగ్గరే చూసుకోండి. మొహమాటపడకండి.

ఈ మెసేజ్‌లో అన్నిటికంటే నష్టం చేసే మాట మూడోది. లైవ్ చూపించడానికి డీవీఆర్‌కి హార్డ్ డిస్క్‌తో పనే లేదు. డిస్క్ చచ్చిపోయినా, అసలు లేకపోయినా, ఫోన్లో బొమ్మ నిక్షేపంగా వస్తుంది. స్టోన్‌హౌస్‌పేటలో ఒక హోల్‌సేల్ కొట్లో ఇదే జరిగింది. "లైవ్ బాగానే వస్తా ఉంది కదన్నా, ఇంక రికార్డింగ్‌కేం?" అని ఓనరు అడుగుతుండగానే ప్లేబ్యాక్ తెరిస్తే, క్యాలెండర్లో రికార్డింగ్ ఉన్న తేదీలకు పడే గుర్తు రెండు నెలలుగా ఒక్క తేదీకీ లేదు. డిస్క్ పోయిన రోజు బాక్సు బీప్ బీప్‌మని మొత్తుకునే ఉంటుంది. గోల భరించలేక ఎవరో సెట్టింగుల్లో ఆ బజర్ ఆపేశారు. కొందరు మెకానిక్కులు బిగించిన రోజే ఆపేసి పోతారు, ఫోన్ల బాధ తప్పుతుందని. మీ బాక్సులో డిస్క్ ఎర్రర్‌కు బజర్ ఆన్‌లో ఉందో లేదో ఇవాళే చూడండి. దానికి ఏ మెకానిక్కూ అక్కర్లేదు. వారానికోసారి నిన్నటి రాత్రిదీ, డిస్కులో ఉన్న అన్నిటికంటే పాత తేదీదీ చెరొక నిమిషం ప్లే చేసి చూస్తే చాలు. పాత తేదీ ఎంత వెనక్కి ఉంటే మీకు అన్ని రోజుల నిల్వ ఉన్నట్టు, ఎవరి లెక్కా నమ్మక్కర్లేదు.

మన వైపు ఊళ్లకు ప్రత్యేకమైన బాధలు కొన్నున్నాయి. చీమకుర్తి పక్క గ్రానైట్ కటింగ్ యూనిట్లలో ఆరునెలలకోసారైనా బాక్సు మూత విప్పి చూడాలి. ఫ్యాను రెక్కల మీద తెల్లటి పొడి అట్టకట్టి ఉంటుంది, ఫ్యాను తిరగదు, డిస్క్ వేడెక్కుతుంది. కొత్తపట్నం, కృష్ణపట్నం వైపు ఉప్పుగాలికి బీఎన్‌సీ పిన్నులు (కెమెరా వైరు చివర బిగించేవి) పచ్చగా చిలుము పడతాయి. కెమెరా ఉండుండి ఆరిపోతుంటే కెమెరా మార్చేముందు ఆ పిన్ను కోసి కొత్తది వేయించండి. బల్లులైతే ఊరూవాడా ఒకటే. వెచ్చగా ఉందని వెనక సందులోంచి దూరి బోర్డు మీద షార్టయి చస్తాయి. దొంగలు డీవీఆరే ఎత్తుకుపోతున్నారని దాన్ని గాలి ఆడని బీరువాలో పెట్టేవాళ్లూ ఉన్నారు. తాళం మంచిదే, చుట్టూ కాస్త గాలి తిరిగే జాలీ పెట్టె అయితే ఇంకా మంచిది.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఈ పక్కంతా కరెంటు పోతూ వస్తూ ఉండింది కదా. అలాంటప్పుడు యూపీఎస్ ఉన్నవాళ్లు కూడా డీవీఆర్‌ను దానికి కలిపి, కెమెరాలకు కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్‌ను మామూలు ప్లగ్గులోనే ఉంచేస్తారు. బాక్సు వెలుగుతూనే ఉంటుంది, రికార్డయ్యేది మాత్రం "వీడియో లాస్" అనే అక్షరాలు. రెండూ యూపీఎస్ మీదే ఉండాలి.

టైం కూడా మెయింటెనెన్సే. లోపలుండే నాణెం లాంటి చిన్న బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడు కొన్ని బాక్సుల్లో తేదీ 2000 జనవరి 1కి వెళ్లిపోతుంది. ఇంటర్నెట్ నుంచి టైం తీసుకునేలా పెట్టినా, టైం జోన్ చైనాదే ఉండిపోతే గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. రాత్రి పదకొండుకు జరిగింది తెల్లారి ఒకటిన్నరకు జరిగినట్టు, అదీ మర్నాటి తేదీతో పడుతుంది.

మెగాపిక్సెల్ విషయంలో సగం నిజం ఉంది. కెమెరా 5 మెగాపిక్సెల్ అయినా, రికార్డ్ చేసేది డీవీఆరే. చవక బాక్సులు చాలావాటిలో రికార్డింగ్ 1080ఎన్ అనే మోడ్‌లో ఉంటుంది. అంటే అడ్డంగా 1920 చుక్కలకు (పిక్సెళ్లకు) బదులు 960 లోపే. తెలియని మనిషి మొహాన్ని అనుమానం లేకుండా పోల్చుకోవాలంటే మీటరు వెడల్పుకు 250 చుక్కలుండాలని 2014 నాటి కెమెరాల అంతర్జాతీయ ప్రమాణం చెప్పింది. 1920 చుక్కలతో ఏడున్నర మీటర్ల వెడల్పు దాకా అది కుదురుతుంది, 960తో నాలుగు మీటర్లు కూడా రాదు. షాపు మొత్తం పడేలా మూలన వెడల్పు లెన్సు పెట్టి మొహాలు కావాలంటే ఎక్కణ్ణుంచి వస్తాయి? వాకిలికి ఎదురుగా, మనిషి ఎత్తుకు దగ్గరగా, గుమ్మం మాత్రమే పడేలా ఒక కెమెరా పెట్టండి. 2 మెగాపిక్సెల్ చాలు.

పాస్‌వర్డ్ గురించి ఎక్కువ మాట్లాడటం కూడా దండగ. 2016లో మిరాయ్ అనే వైరస్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని డీవీఆర్లు, కెమెరాలు లక్షల్లో పట్టుకుని, అక్టోబరు 21న వాటితోనే అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను ఆపేసింది. 2025లో రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల వీడియోలు బయట అమ్ముడుపోయిన కేసు పేపర్లలో చదివే ఉంటారు. మర్చిపోతామన్న భయముంటే మార్చి, పుస్తకంలో రాసి బీరువాలో పెట్టుకోండి. రీసెట్ కోసం మీ సొంత మెయిల్ ఐడీ ఇవ్వండి, మెకానిక్‌ది కాదు.

ఆఖరిది, దొంగతనం జరగ్గానే డిస్క్ పీకడం. భయం వెనక కారణం ఉంది. డిస్క్ నిండాక పాతది చెరిగి కొత్తది పడుతుంది నిజమే. అయితే చెరిగేది అన్నిటికంటే పాత రోజే, నిన్న రాత్రిది కాదు. పీకిన డిస్క్‌ను ఎవరైనా విండోస్ కంప్యూటర్‌కు తగిలిస్తే, డీవీఆర్ పద్ధతి దానికి అర్థం కాక "ఫార్మాట్ చేయాలా?" అని అడుగుతుంది. అలవాటుగా ఎస్ నొక్కితే అయిపోయినట్టే. డీవీఆర్‌ను అలాగే ఉంచి, పోలీసులకు చెప్పి, వాళ్ల ముందే కాపీ తీయడం మేలు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ ప్రకారం, కాపీ చేసిన ఫుటేజీ కోర్టులో నిలబడాలంటే దాంతోపాటు సర్టిఫికెట్ ఉండాలి. ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి అంకె) అందులో రాయాలి. ఏ బాక్సులోంచి తీశారు, అది అప్పుడు సరిగ్గా పనిచేస్తోందా అన్నదీ అడుగుతారు. బాక్సు మీద మీరే స్క్రూడ్రైవర్ పెట్టి ఉంటే దానికి జవాబు చెప్పుకోవడం కష్టం.

కాపీ తీసేటప్పుడు పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉండాలి, చాలా బాక్సులు వేరేవి గుర్తుపట్టవు. దొంగ కనపడిన ముక్కే కాకుండా ముందొక పావుగంట, వెనకొక పావుగంట కలిపి తీయండి. డీవీఆర్ గడియారాన్నీ మీ ఫోన్ గడియారాన్నీ పక్కపక్కన పెట్టి ఒక ఫొటో తీసి, తేడా ఎంతుందో కాగితం మీద రాసి ఎస్సై గారికి ఇవ్వండి.