తమ్ముడు తమ్ముడే, బోర్డు బోర్డే

బెంగళూరు మారతహళ్ళిలో ఏడేళ్ళుగా నేను తినే ఆంధ్రా మెస్సుకి కొత్త బోర్డు పెట్టారు. పాత బోర్డు మీద ఎర్ర పెయింటు అక్షరాలు "కారంగా ఉంటది, ఓపికుంటే రా" అన్నట్టుండేవి. కొత్తదాని మీద ఒక్కో అక్షరం పాలు తాగి పడుకున్న పసిపిల్లాడిలా బొద్దుగా, వెతికినా ఒక్క మూల కనపడకుండా. అదే రోజు నుంచి భోజనం 120 కాస్తా 180 అయింది. మూలలు అరగదీసిన కూలి మనమే కట్టాలి కదా మరి.

ఇదేంటన్నా అని ఓనర్‌ని అడిగితే మేనల్లుణ్ణి చూపించాడు. ఆ కుర్రాడు ల్యాప్‌టాప్ తెరిచి "అంకుల్, కోణాలుంటే కస్టమర్ లోలోపల భయపడతాడు" అన్నాడు. గోంగూరలో ఎండుమిరపకాయ నమిలేవాడు తలకట్టు మొన చూసి జడుసుకుంటాడంట! ఫోక్స్‌వాగన్ వాళ్ళు 1979లోనే వాగ్ రౌండెడ్ అని గుండ్రటి అక్షరాలు చేయించుకున్నారు, ఆపిల్ కీబోర్డుల మీదా చాన్నాళ్ళు అవే అన్నాడు. నిజమే గానీ మీ మావయ్య కార్లమ్ముతాడా నాయనా? ఈలోపు ఓనరే దూరి "పప్పు కింద వత్తు ఇంకాస్త లావు చెయ్యరా, నెయ్యి దండిగా వేసినట్టుంటది" అన్నాడు. వాడు చేశాడు. వత్తు పోయి కింద లైన్లో చేపల పులుసు నెత్తి మీద కూర్చుంది. ముగ్గురం తలలు పక్కకి వాల్చి చూశాం. "ఇప్పుడు ఫ్యామిలీ లుక్ వచ్చింది" అన్నాడు ఓనర్.

అసలు మన అక్షరాలు పుట్టుకతోనే గుండ్రం. ఇంగ్లీషు అక్షరాల మూలలు అరగదీశారంటే అర్థముంది, లడ్డూని పట్టుకుని గుండ్రం చేస్తానంటే ఏమనాలి? అలాగని ఫాంట్ చేసినోళ్ళ మీద నాకు కోపం లేదు. ఎక్ టైప్ అనే ఫాంట్ల కంపెనీ వాళ్ళ బాలూ ఫాంట్ చూడండి, తెలుగుకి బాలూ తమ్ముడు, కన్నడకి బాలూ తమ్మ, తమిళానికి బాలూ తంబి, అన్నీ ఫ్రీ, ముచ్చటగా ఉంటాయి. కానీ అది డిస్‌ప్లే ఫాంట్ అని వాళ్ళే చెప్పారు, అంటే బోర్డు మీద, పెద్ద సైజులో. తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే.

ఇది తెలియని ఒక పెద్దాసుపత్రికి మా పెదనాన్నని ఆపరేషన్‌కి తీసుకెళ్ళాం. కదిరి నుంచి పెద్దమ్మ కూడా వచ్చింది. ఆమె చేతిలో తెలుగు కాగితం ఒకటి పెట్టారు, ఇలాంటి బొద్దు ఫాంటే, కానీ సైజు తొమ్మిది. అక్షరాల పొట్టలన్నీ పూడిపోయి, థ లోపలి చుక్క గల్లంతై, గుడి ఏదో గుడిదీర్ఘం ఏదో తెలీకుండా అంతా ఒకటే ముద్ద. "ఏందబ్బీ ఇది, చీమలు సచ్చినట్టుండాయి" అని మడిచి కొంగులో పెట్టుకుంది. పొద్దున్నే ఆయనకి రెండు ఇడ్లీలు పెట్టింది. ఆ కాగితంలో ఉన్నది ఒక్కటే మాట, రాత్రి నుంచి ఏమీ తినొద్దని. ఆపరేషన్ వాయిదా. పైగా నర్సు "చదువుకోలేదా అమ్మా" అని అరిచింది. చదువుకుంది! నలభై ఏళ్ళు బళ్ళో పిల్లలకి అఆలు దిద్దించిన మనిషి! చదవడానికి రాకుండా అచ్చేసింది మీరు, సిగ్గుండాల్సింది మీకు, ముద్దుగా ఉందని ఒక మనిషి ప్రాణం మీదకి తెచ్చే కాగితాన్ని చాక్లెట్ రేపర్‌లా చేస్తారా?

అదనపు రోజు బెడ్డు అద్దెతో బిల్లిచ్చారు. సన్నటి, నిటారు అక్షరాలు, అంకెకీ అంకెకీ మధ్య కావలసినంత చోటు. పెద్దమ్మ కళ్ళజోడు లేకుండానే పైసలతో సహా చదివింది.