పుట్టికి క్వింటాలు ధర

ప్రోగ్రామర్లు తమ కోడ్‌లో చేసే మార్పులను గుర్తుపెట్టుకుని కలిపే గిట్ అనే ప్రోగ్రాముకు బొత్తిగా లోకజ్ఞానం లేదు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పని కోసం దీన్ని రాశారు. ఇద్దరు విడివిడిగా చేసిన మార్పులను కలపమంటే, ఆ ఇద్దరూ మొదలుపెట్టిన పాత ప్రతిని ముందు వెతుకుతుంది. ఒక్కరే మార్చిన చోట వారి మాటే నిలుపుతుంది. అంతవరకు మర్యాదే. ఒకే లైనును ఇద్దరూ రెండు రకాలుగా మార్చారో, ఏడేసి బాణం గుర్తులు పెట్టి, ఇద్దరి రాతలనూ ఒకదాని కింద ఒకటి పరచి, తేల్చుకోండని కూర్చుంటుంది. ఇలా నలుగురిలో తగవు బయటపెట్టేవాడిని మన ఊళ్లో పెద్దమనిషి అంటామా?

కలపడం, విడదీయడం మనకు కొత్త కాదు. 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022లో కందుకూరును మళ్లీ నెల్లూరులో కలిపారు. ఎక్కడైనా ఒక్క బాణం గుర్తు కనిపించిందా?

అదృష్టవశాత్తు ప్రోగ్రామర్లు సంస్కారవంతులు. శనివారం సాయంత్రం ఊరి బస్సుకు వేళవుతుంటే అవతలివారి రాతను చెరిపి, తమది ఉంచి, కాన్‌ఫ్లిక్ట్, అంటే ఆ తగవు, తీరిందని రాసి వెళ్లిపోతారు. అవతలివారికి సోమవారం తెలుస్తుంది.

గిట్‌లో నాకు నచ్చేది దాని మౌనం. నెల్లూరు ధాన్యం వ్యాపారి ఒకరి బిల్లుల ప్రోగ్రాము ఉందనుకుందాం. ఇక్కడ వడ్ల బేరం పుట్టి లెక్కన, అంటే 850 కిలోలు. ఒక కుర్రవాడు ధర చెప్పే ఫంక్షన్‌ను, అంటే ప్రోగ్రాములో ఆ పని చేసే ముక్కను, పుట్టి నుంచి క్వింటాలుకు మార్చి, దాన్ని వాడే పాత బిల్లులన్నిటినీ శ్రద్ధగా సరిదిద్దాడు. అదే వారం ఇంకొక అమ్మాయి వేరే ఫైలులో రైతుకిచ్చే కొత్త రసీదు రాస్తూ, అది పుట్టి ధరే అనుకుని ఆ ఫంక్షన్‌ను వాడింది. ఇద్దరూ ఒకే లైను ముట్టుకోలేదు. గిట్ కిమ్మనకుండా కలిపేసింది. గిట్‌కు లైన్లు తెలుసుగానీ వడ్లు తెలియవు. రైతు పుట్టి వడ్లు తోలితే చేతికి క్వింటాలు డబ్బు వచ్చింది. ఎనిమిదిన్నర రెట్ల తేడా! అయినా కంప్యూటర్ రసీదు కదా, ఎదురు చెప్పేదెవరు?

ప్రోగ్రాము లెక్క సరిగా చెబుతోందో లేదో చూసే టెస్టులు రాసి, కలిపిన ప్రతిసారీ నడిపితే ఇలాంటివి దొరుకుతాయని కొందరు చాదస్తులు అంటారు. వ్యాపారి మాత్రం ఆ అభిప్రాయంతో ఏకీభవించలేదు. ఇంత చక్కటి ప్రోగ్రాము ఇంతవరకు చూడలేదని, ఇకపై అందులో అక్షరం కూడా మార్చవద్దని చెప్పి, వచ్చే ఏడాది డబ్బు కూడా ముందే కట్టేశారు.