పాపం సెయింట్ కిల్డా

1897లో జరిగిన విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ పోటీ) తొలి సీజన్ గురించి మీ వ్యాసంలో బాగా రాశారండీ. కానీ టైటిల్ ఎసెండన్ జట్టుదే అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ ఏడాది గ్రాండ్ ఫైనలే లేదు, మొదటి నాలుగు జట్లూ ఒకదానితో ఒకటి తలపడ్డాయి. మెల్‌బోర్న్ జట్టుతో ఎసెండన్ ఆడిన ఆఖరి మ్యాచ్ స్కోరు చూడండి: 14-8! ఎసెండన్ కొట్టింది ఒకే ఒక్క గోల్, దానికి 6 పాయింట్లు. మిగతా 8 పాయింట్లు బిహైండ్లవి, అంటే బంతి గోల్ స్తంభానికీ దాని పక్క స్తంభానికీ మధ్య నుంచి పోతే వచ్చేవి. మెల్‌బోర్న్‌కి ఆ ఒక్క గోలూ పడలేదు, అన్నీ పక్క స్తంభాల మధ్య నుంచే పోయాయి. బిహైండ్‌కి ఒక పాయింటు ఇవ్వడం కూడా ఆ ఏడాదే మొదలైంది. గోల్స్ మాత్రమే చూసే పాత లెక్కలో అయితే 1-0 అనేసేవాళ్లు.

అదే లీగ్‌లో ఆడిన సెయింట్ కిల్డా జట్టు ఊసే ఎత్తలేదేం? ఆ సీజన్‌లో 14 మ్యాచ్‌లాడి 14 ఓడారు. తొలి గెలుపు కోసం 1900 దాకా ఆగారు మహానుభావులు!